బ్రిగేడియర్ ఎప్పుడు రిటైరయ్యాడు? డాక్టర్ హూ లెక్కలు రాసుకునే తీరు

"అన్నా, డాక్టర్ హూలో ఏది కానన్, ఏది కాదు?" కొత్తగా చూడడం షురూ చేసినవాళ్ళు హన్మకొండలో ఉన్నా, మంచిర్యాలలో ఉన్నా మొదట అడిగేది ఇదే. జవాబు వింటే మొహం చిన్నబోతుంది. చెప్పే నాథుడే లేడు. డాక్టర్ అనే గ్రహాంతరవాసి కాలంలో తిరిగే కథ ఇది. 1963 నవంబర్ 23న మొదలైన ఈ బ్రిటిష్ సైన్స్ ఫిక్షన్ సీరియల్‌కు బీబీసీ ఏనాడూ "ఇది లెక్కలోకి వస్తుంది, ఇది రాదు" అని ఒక పట్టీ ఇచ్చింది లేదు. నిర్మాతలు మారారు, షోరన్నర్లు మారారు. ఎవరికి అవసరమైంది వాళ్ళు వాడుకున్నారు, అడ్డమొచ్చింది పక్కన పెట్టారు.

స్టార్ ట్రెక్ వైపు ఇంత గందరగోళం లేదు. తెర మీద వచ్చిన సీరియళ్ళు, సినిమాలు లెక్క. నవలలు, కామిక్స్ లెక్క కాదు. స్టూడియో చాలాకాలంగా పాటించిన కట్టుబాటు అది. అక్కడ కూడా 1973-74 నాటి యానిమేషన్ సీరీస్‌ను ఏళ్ళ తరబడి గడప బయట నిలబెట్టి, తర్వాత లోపలికి పిలిచారు. అయినా గడప అంటూ ఒకటి ఉంది. డాక్టర్ హూకు అదీ లేదు.

అందుకే రెండు పనులను వేరు చేసుకోవాలి. ఏది లెక్కలోకి వస్తుందన్నది కానన్ పంచాయితీ. అది హక్కుదారుల చేతిలో ఉంటుంది, మనం ఎంత లొల్లి చేసినా తెగదు. వచ్చినవి ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా లేదా అన్నది కంటిన్యుటీ. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎపిసోడ్ చూసి రాసుకుంటే చాలు. ఆన్‌లైన్‌లో జరిగే కొట్లాటల్లో సగం రెండోదాని గురించి మొదలై మొదటిదాని మీదికి పోతాయి. "ఈ రెండు కథలకు పొత్తు కుదరట్లేదు" అని ఒకరంటే, "అయితే అందులో ఒకటి కానన్ కాదు" అని ఇంకొకరు తీర్పిస్తారు. పొత్తు కుదరకపోయినా రెండూ కానన్ కావచ్చు. అట్లాంటిస్ నగరాన్నే చూడండి. 1967లో ద అండర్‌వాటర్ మెనేస్‌లో ఒక తీరుగా మునిగింది. 1971లో ద డీమన్స్‌లో, దాన్ని నాశనం చేసింది మా జాతే అన్నట్టు అజాల్ మాట్లాడాడు. 1972లో ద టైమ్ మాన్‌స్టర్‌లో క్రోనోస్ వచ్చి కూల్చేశాడు. చివరి రెండింటికీ నిర్మాత ఒక్కరే బ్యారీ లెట్స్, స్క్రిప్ట్ ఎడిటర్ ఒక్కరే టెరన్స్ డిక్స్, రెండు కథల రాతలోనూ రాబర్ట్ స్లోమన్ చెయ్యి ఉంది. మధ్యలో గడిచింది ఒక్క ఏడాది. వాళ్ళకే పట్టింపు లేని చోట మనం దేన్ని బహిష్కరిస్తాం?

ఓరుగల్లు చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఈ తీరు లెక్క కొత్తేం కాదు. మార్కో పోలో రుద్రమదేవిని రాజు భార్యగా, భర్త పోయాక రాజ్యమేలిన రాణిగా రాసిపోయాడు. శాసనాలు ఆమెను గణపతిదేవుని కూతురంటాయి. ఇందులో ఎవరిని నమ్మాలో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, రాతి మీద చెక్కింది ముందు, దూరదేశం మనిషి పుస్తకం తర్వాత. ఆమె 1295 ప్రాంతం దాకా ఏలిందని చాన్నాళ్ళు చరిత్ర పుస్తకాల్లో ఉంది. నల్లగొండ జిల్లా చందుపట్లలో 1289 నాటి శాసనం దొరికింది. ఆమె శివలోకం చేరిందని అందులో ఉంది. అంతే, తేదీ వెనక్కి జరిగింది. పాత పుస్తకాలను ఎవరూ తగలబెట్టలేదు, పక్కన కొత్త మాట రాసుకున్నారు. డాక్టర్ హూకూ ఇదే పద్ధతి. ప్రసారమైన ఎపిసోడ్ శాసనం. నవల, ఆడియో, కామిక్, నటుల ఇంటర్వ్యూ ఇవన్నీ తర్వాతి మెట్టు. ఈ సంగతులు రాసుకునే మీ షీటులో, కొత్త ఎపిసోడ్ పాత సంగతిని జరిపితే పాత గడి చెరపొద్దు, పక్కన ఇంకో గడి తెరవండి.

ఇగ అసలు ముచ్చటకు వద్దాం. ఈ సీరియల్‌లో అన్నిటికన్నా ముదిరిన కిరికిరి యూనిట్ తేదీలది. యూనిట్ అంటే గ్రహాంతర ముప్పుల నుంచి భూమిని కాచే సైనిక దళం. బ్రిగేడియర్ లెత్‌బ్రిడ్జ్-స్టువర్ట్ నడిపిన ఆ దళం కథలు ఏ సంవత్సరాల్లో జరిగాయి? వరసగా సాక్ష్యాలు చూడండి.

1968లో వచ్చిన ద వెబ్ ఆఫ్ ఫియర్‌లో ప్రొఫెసర్ ట్రావర్స్ ముసలివాడై కనిపిస్తాడు. ఆయన టిబెట్ యాత్ర 1935 నాటిది, అప్పటికి నలభై ఏళ్ళు దాటింది. అంటే కథ 1975కు అటూ ఇటూ. అదే ఏడాది చివర వచ్చిన ద ఇన్వేజన్‌లో, ద వెబ్ ఆఫ్ ఫియర్‌లోని యేటీల గొడవ జరిగి నాలుగేళ్ళయి ఉంటుందని బ్రిగేడియర్ అంటాడు. అంటే 1979 ప్రాంతం. యూనిట్ అప్పుడే పుట్టింది. 1970లో ద అంబాసడర్స్ ఆఫ్ డెత్‌లో బ్రిటన్ సొంతంగా అంగారకుడికి మనుషుల్ని పంపుతుంది, ఆ కాలానికి అది రేపటి ముచ్చట. 1975లో పిరమిడ్స్ ఆఫ్ మార్స్‌లో డాక్టర్ సహచరి సారా జేన్ తాను 1980 మనిషినని తన నోటితోనే చెప్తుంది. ఇక్కడిదాకా ఒక లైను మీద నడుస్తుంది: యూనిట్ కథలు ప్రసారమైన కాలానికి కొన్నేళ్ళు ముందుంటాయి.

1983 ఫిబ్రవరిలో మావ్‌డ్రిన్ అన్‌డెడ్ వచ్చి ఈ లైనును మధ్యకు విరిచింది. ఆ కథ సగం 1977లో, ఎలిజబెత్ రాణి సిల్వర్ జూబిలీ రోజుల్లో నడుస్తుంది. అప్పటికే బ్రిగేడియర్ యూనిట్ వదిలి ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. రిటైరైంది 1976లో. అంటే యూనిట్ పుట్టడానికి మూడేళ్ళు ముందే దాని పెద్ద రిటైరయ్యాడు! సారా జేన్ 1980 మనిషైతే, ఆమె బ్రిగేడియర్‌ను యూనిట్‌లో ఎట్లా కలిసింది?

ఇక్కడే చాలామంది కథలోపల కారణం వెతకడం మొదలుపెడతారు. కాలం చీలింది, ఎవరో చరిత్ర మార్చారు, సారా అబద్ధమాడింది... ఆగండి. ముందు స్టూడియోలో కారణం వెతకాలి. మావ్‌డ్రిన్ అన్‌డెడ్‌లో ఆ మాస్టారు పాత్రను మొదట అనుకున్నది బ్రిగేడియర్ కోసం కాదు, 1963 నాటి మొదటి సహచరుడు ఇయాన్ చెస్టర్‌టన్ కోసం. ఇయాన్ అసలే స్కూలు టీచరు, 1977లో బడిలో ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. విలియం రసెల్ దొరకలేదు. నికొలస్ కోర్ట్‌నీ దొరికాడు. బడి అట్లాగే ఉండిపోయింది, తేదీ అట్లాగే ఉండిపోయింది, మనిషి మాత్రం మారాడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా వ్యాఖ్యానాల మీద మోజు పోతుంది.

తర్వాత రాసినవాళ్ళకు ఈ లొల్లి బాగా తెలుసు, తీర్చాలని ఎవరూ చూడలేదు. 2008లో ద సొంటారన్ స్ట్రాటజెమ్‌లో డేవిడ్ టెన్నంట్ డాక్టర్, యూనిట్‌లో పనిచేసింది డెబ్బైల్లోనా ఎనభైల్లోనా అని తనకే గుర్తులేనట్టు ఒక మాట విసురుతాడు. 2013లో ద డే ఆఫ్ ద డాక్టర్‌లో బ్రిగేడియర్ కూతురు కేట్ స్టువర్ట్ ఒక ఫైలు తెమ్మంటూ, అది డెబ్బైలదో ఎనభైలదో ఏ డేటింగ్ పద్ధతి పాటిస్తామన్న దాన్ని బట్టి ఉంటుందంటుంది. చాలామంది ఈ మాటల్ని నవ్వులాటలో కలిపేస్తారు. లెక్క పుస్తకంలో వీటికి విలువుంది. పొసగని సంగతి పొసగదని సీరియలే ఒప్పుకున్నట్టు. యూనిట్ గడిలో నేనైతే ఒక సంవత్సరం రాయను, "1970లు లేదా 1980లు, ద డే ఆఫ్ ద డాక్టర్ చూడు" అని రాస్తాను.

రెండో ముచ్చట రీజెనరేషన్ల సంఖ్య. చావబోయే డాక్టర్ కొత్త శరీరంలోకి మారడమే, అంటే తెర మీద కొత్త నటుడు రావడమే, రీజెనరేషన్. ఇది యూనిట్ తేదీలకు పూర్తి తిరుగుడు. ఎక్కడో అలవోకగా పడ్డ అంకెను చివరికి సీరియలే కూర్చుని, కూడి, తేల్చిన సందర్భం.

1966లో విలియం హార్ట్‌నెల్ ప్యాట్రిక్ ట్రౌటన్‌గా మారినప్పుడు దానికి రీజెనరేషన్ అన్న పేరే లేదు. ఆ మాట 1974లో ప్లానెట్ ఆఫ్ ద స్పైడర్స్‌లో గాని రాలేదు. డాక్టర్ జాతికి టైమ్ లార్డ్స్ అన్న పేరు 1969లో ద వార్ గేమ్స్‌లో, గాలిఫ్రే అన్న గ్రహం పేరు 1973 డిసెంబరులో మొదలైన ద టైమ్ వారియర్‌లో వచ్చాయి. పదేళ్ళ సీరియల్‌లో హీరో సొంత గ్రహానికి పేరు లేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు! 1976లో రాబర్ట్ హోమ్స్ ద డెడ్లీ అసాసిన్ రాస్తూ, డాక్టర్ శత్రువు మాస్టర్ శరీరం కుళ్ళిపోవడానికి ఒక కారణం కావాలి గనక పన్నెండుసార్ల పరిమితి పెట్టాడు. డాక్టర్ అప్పటికి మారింది మూడుసార్లే. పన్నెండు అంటే ఎప్పటికీ చేరని అంకె అనిపించి ఉంటుంది.

చేరింది. ఎట్లా చేరిందో వేళ్ళు మడిచి చూడండి. హార్ట్‌నెల్ నుంచి ట్రౌటన్ ఒకటి. పెర్ట్‌వీ రెండు, టామ్ బేకర్ మూడు, డేవిసన్ నాలుగు, కాలిన్ బేకర్ ఐదు, మెకాయ్ ఆరు, మెక్‌గాన్ ఏడు. 2013లో మధ్యలో దూర్చిన వార్ డాక్టర్ జాన్ హర్ట్ ఎనిమిది. ఎకిల్‌స్టన్ తొమ్మిది, టెన్నంట్ పది. 2008లో టెన్నంట్ మారబోయి, ఆ శక్తిని తెగిపడ్డ చేతిలోకి మళ్ళించి తన మొహమే ఉంచుకున్నాడు చూడండి, అది పదకొండు. మ్యాట్ స్మిత్ పన్నెండు. ఖతం. అందుకే 2013 క్రిస్మస్ రోజు వచ్చిన ద టైమ్ ఆఫ్ ద డాక్టర్‌లో టైమ్ లార్డ్స్ కొత్త వంతు ఇవ్వాల్సి వచ్చింది.

ఈ లెక్కలో జనం తప్పేది రెండుచోట్ల. ఒకటి, పన్నెండు రీజెనరేషన్లంటే పదమూడు శరీరాలు, పన్నెండు కాదు. రెండు, డాక్టర్ నంబరు వేరు, శరీరం వరస వేరు. మ్యాట్ స్మిత్ పదకొండో డాక్టర్, కానీ ఈ లెక్కలో చివరివాడు. వార్ డాక్టర్‌కు నంబరు ఇవ్వకపోవడం, టెన్నంట్ ఒకడే రెండుసార్లు లెక్కకు రావడం, రెండూ కలిసి ఆ తేడా తెచ్చాయి. షీటులో ఈ రెంటికీ రెండు కాలమ్‌లు లేకపోతే 2013 దగ్గర అంతా గడబిడే. మధ్యలో 2010లో సారా జేన్ అడ్వెంచర్స్‌లో డాక్టర్ 507సార్లు మారగలనంటాడు. అది పిల్లవాడడిగిన ప్రశ్నకు వేళాకోళపు జవాబు. రాయండి, పక్కన "ఎగతాళి" అని కూడా రాయండి.

2020 మార్చి 1న ద టైమ్‌లెస్ చిల్డ్రన్ వచ్చాక హార్ట్‌నెల్ మొదటివాడన్నదే పోయింది. ఇది ఎక్కడినుంచో ఊడిపడింది కాదు. 1976 జనవరిలో ద బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్‌లో డాక్టర్‌కు, మోర్బియస్ అనే విలన్‌కు మనసుల మధ్య పోరు జరిగేటప్పుడు తెర మీద డాక్టర్ పాత మొహాలు వెనక్కి పోతుంటాయి. హార్ట్‌నెల్ తర్వాత కూడా ఇంకా ఎనిమిది మొహాలు వస్తాయి. వేషాలేసుకుని కెమెరా ముందు నిలబడ్డది అక్కడి సిబ్బందే, నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్, హోమ్స్ కూడా అందులో ఉన్నారు. హించ్‌క్లిఫ్ ఉద్దేశం అవి హార్ట్‌నెల్‌కు ముందటి డాక్టర్లనే. కానీ 1983లో ద ఫైవ్ డాక్టర్స్‌లో మొదటి డాక్టర్ తానే అసలువాడినని చెప్పుకోవడంతో అభిమానులు ఆ ఎనిమిదింటినీ మోర్బియస్ ఖాతాలో వేశారు. నలభై నాలుగేళ్ళ తర్వాత ఆ మొహాలు మళ్ళీ తెర మీదికి వచ్చి డాక్టర్ ఖాతాకు మారాయి. నాకు ఆ కథ రాసిన తీరు నచ్చలేదు, చెప్పడమే తప్ప చూపడం తక్కువ. కానీ కంటిన్యుటీ పాడుచేసిందన్న నింద మాత్రం నిలవదు, చెరిపిన గడిని మళ్ళీ నింపింది.

సాక్ష్యం అన్నాం కదా, ఏ కాపీ చూసి రాస్తున్నారన్నది ముందు చూసుకోండి. ఇక్కడే ఎక్కువ తప్పులు దొర్లుతాయి.

సీజన్ నంబర్లే పెద్ద గుంత. 1963 నుంచి 1989 దాకా 26 సీజన్లు. 2005లో తిరిగి మొదలైనప్పుడు సిరీస్ 1 అని లెక్క మొదటికి తెచ్చారు, అది 2021లో 13 దాకా పోయింది. 2024లో మళ్ళీ సీజన్ 1. హాస్టళ్ళలో చేతులు మారే హార్డ్ డిస్కుల్లో మూడు "ఎస్01ఇ01" ఫైళ్ళు ఒకే ఫోల్డరులో ఉంటే ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. ఫైలు పేరులో సీజన్ నంబరు బదులు తొలి ప్రసార తేదీ పెట్టుకోండి, సంవత్సరం-నెల-రోజు వరసలో. అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

కథల పేర్లతోనూ జాగ్రత్త. 1966లో ద సావేజెస్ వచ్చేదాకా ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో పేరు తెర మీద పడేది, మొత్తం కథకు తెర మీద పేరు ఉండేది కాదు. మొదటి కథను ఆన్ అనర్త్లీ చైల్డ్ అనేవాళ్ళున్నారు, 100,000 బీసీ అనేవాళ్ళున్నారు. రెండో కథను ఎక్కువమంది ద డాలెక్స్ (డాక్టర్ శత్రుజాతి పేరు) అంటారు, పాత కాగితాల్లో ద మ్యూటంట్స్ అని ఉంటుంది. 1972లో ద మ్యూటంట్స్ అని సంబంధమే లేని ఇంకో కథ ఉంది. పేరుతో వెతికితే తప్పులో కాలేస్తారు.

బీబీసీ పాత టేపులను చెరిపి మళ్ళీ వాడుకునేది. అరవైల నాటి ఎపిసోడ్లు తొంభైకి పైగా ఇప్పటికీ దొరకలేదు. అయితే ప్రతి ఎపిసోడ్ శబ్దం మిగిలింది, ఆ రోజుల్లో ఇంట్లో టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి పట్టుకున్న అభిమానుల పుణ్యం. అందుకే పోయిన ఎపిసోడ్‌లో "అన్న మాట" గట్టి సాక్ష్యం, "చేసిన పని" బలహీన సాక్ష్యం. ఫోటోలు, స్క్రిప్టు చూసి తర్వాత చేసిన యానిమేషన్‌లో గోడ మీద పోస్టరు ఉందంటే అది 1967లో ఉందని కాదు. నవలల మీద ఆధారపడితే ఇంకా మోసం. డేవిడ్ విటకర్ 1964లో డాలెక్ కథను నవలగా రాస్తూ ఇయాన్, అతని తోటి టీచరు బార్బరా డాక్టర్‌ను కలిసే చోటునే మార్చేశాడు. టీవీలో తుక్కు సామాను పెట్టే స్థలం, పుస్తకంలో పొగమంచు కమ్మిన బార్న్స్ కామన్. మొదటి కథ వదిలేసి డాలెక్స్‌తోనే పుస్తకం మొదలవ్వాలి, అందుకని.

రంగులద్దిన కొత్త కూర్పులు ఇంకో చిక్కు. 2023 నవంబరులో వచ్చిన ద డాలెక్స్ ఇన్ కలర్, ఏడు ఎపిసోడ్లను 75 నిమిషాలకు కుదించింది. 2024 డిసెంబరులో ద వార్ గేమ్స్‌ను పది ఎపిసోడ్ల నుంచి గంటన్నరకు కుదించి, ట్రౌటన్ పెర్ట్‌వీగా మారే దృశ్యాన్ని కొత్తగా చేర్చారు. 1969లో ఆ దృశ్యం లేదు. చూడ్డానికి బాగుంది, కానీ "ద వార్ గేమ్స్‌లో రీజెనరేషన్ చూపించారు" అని రాసేటప్పుడు పక్కన 2024 అని పెట్టకపోతే మీ షీటు అబద్ధం చెప్తుంది. ప్రసారం కాని పైలట్ సంగతీ అంతే. మొదటి ఎపిసోడ్‌ను రెండుసార్లు తీశారు. తొలిసారి తీసినదాంట్లో డాక్టర్ మనవరాలు సూజన్ తాను 49వ శతాబ్దంలో పుట్టానంటుంది, ప్రసారమైనదాంట్లో ఆ అంకె తీసేశారు. 1991లో ఆ పైలట్‌ను టీవీలో చూపించారు గానీ, తేల్చి వదిలేసిన చిత్తుప్రతిని శాసనం కింద లెక్కపెట్టలేం. స్టార్ ట్రెక్ ఇక్కడ తెలివి చూపింది. పక్కన పడేసిన తొలి పైలట్ ద కేజ్ ముక్కల్ని 1966లో ద మెనాజరీలో పాత సంగతుల కింద వాడి, చెత్తబుట్టలోంచి కానన్‌లోకి తెచ్చుకుంది.

ఇగ షీటు. ఎక్సెల్ అయినా, నోటుబుక్కు అయినా ఫరక్ పడదు, గడులు మాత్రం ఇవి ఉండాలి: కథ పేరు, ఎపిసోడ్, తొలి ప్రసార తేదీ, ఎన్నో నిమిషం, ఎవరన్నారు, అన్న మాట ఉన్నదున్నట్టు, సాక్ష్యం తరహా, ఏ కథ దీన్ని జరిపింది, స్టూడియో కారణం. మాటను మీ మాటల్లో కుదించొద్దు. "సుమారు", "దాటింది", "అయి ఉంటుంది" లాంటి ముక్కలు కుదింపులో రాలిపోతాయి, సగం వైరుధ్యాలు ఆ ముక్కల్లోనే తేలిపోతాయి. బ్రిగేడియర్ అన్నది "నాలుగేళ్ళు" కాదు, "నాలుగేళ్ళయి ఉంటుంది". ఆటోమేటిక్ సబ్‌టైటిల్స్‌ను అంకెల దగ్గర, పేర్ల దగ్గర నమ్మొద్దు, చెవితో విని రాయండి.

సాక్ష్యం తరహా అన్న గడికి నాలుగు గుర్తులు చాలు: తెర మీద చూపింది, తెలిసినవాడు చెప్పింది, అబద్ధమాడే అలవాటున్నవాడు చెప్పింది, వెనక కాగితం మీదో బోర్డు మీదో కనిపించింది. డాక్టర్ వయసు ఎప్పుడూ మూడో గుర్తు కిందికే పోతుంది. 1967లో ద టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్‌లో 450 ప్రాంతం అంటాడు. 1978లో ద రైబాస్ ఆపరేషన్‌లో 756 అంటే, కాదు 759 అని సహచరి రొమానా మొహం మీదే సరిచేస్తుంది. 1987లో టైమ్ అండ్ ద రాణీలో 953. 2005లో మళ్ళీ 900. ముందుకు పోవాల్సిన అంకె వెనక్కి వచ్చింది. దీనికి స్టూడియో కారణం చాలా మామూలుది, కొత్త ప్రేక్షకులకు గుండ్రటి అంకె కావాలి. వయసు తగ్గించి చెప్పుకునేవాళ్ళు మన చుట్టూ లేరా? ఇంతకన్నా దీనిమీద బుర్ర ఖర్చు దండగ.

తేదీలకు ఒక్క కాలమ్ సరిపోదు, మూడు కావాలి. ప్రసార తేదీ, కథలో భూమి మీద తేదీ, ఆ పాత్ర సొంత జీవితంలో వరస. డాక్టర్‌కు తలకిందుల వరసలో ఎదురయ్యే రివర్ సాంగ్ ఒక్కతి చాలు ఈ మూడూ ఎందుకో అర్థం కావడానికి. 2008లో మనం ఆమెను మొదట చూసిన కథలోనే ఆమె చనిపోతుంది. ప్రసార వరసతో ఆమె జీవితం రాస్తే తల కిందికి, కాళ్ళు పైకి వస్తాయి.

కానన్ పంచాయితీ హక్కుల దగ్గరికి పోతుందన్నాను కదా, దానికి గట్టి రుజువు కే-నైన్. ఆ కుక్క రోబో హక్కులు దాన్ని సృష్టించిన రచయితలవి. 2009లో ఆస్ట్రేలియాలో కే-నైన్ పేరు మీద వేరే సీరియల్ తీశారు. కుక్క ఉంది, డాక్టర్ పేరు ఎత్తే వీల్లేదు. అది కానన్ అవునా కాదా అన్న ప్రశ్నకు జవాబు కథలో లేదు, కాంట్రాక్టు కాగితాల్లో ఉంది. డాలెక్స్ హక్కులు టెర్రీ నేషన్ వారసులతో మాట్లాడుకోవాలి. మొదటి కథ రచయిత వారసులతో ఒప్పందం కుదరక, 2023లో పాత ఎపిసోడ్లన్నీ బీబీసీ ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్‌లో పెట్టినప్పుడు తొట్టతొలి కథే అందులో లేకపోయింది.

బయటివి లోపలికి వచ్చిన దాఖలాలూ ఉన్నాయి. బ్రిగేడియర్ కూతురు కేట్ పుట్టింది టీవీలో కాదు, 1995లో బయటివాళ్ళు తీసిన డౌన్‌టైమ్ అనే వీడియోలో. పదిహేడేళ్ళకు, 2012లో, ద పవర్ ఆఫ్ త్రీలో ఆమె టీవీలోకి నడిచొచ్చింది. 2013 నవంబరులో వచ్చిన ఏడు నిమిషాల ద నైట్ ఆఫ్ ద డాక్టర్‌లో పాల్ మెక్‌గాన్ చనిపోయేముందు చార్లీ, క్రిజ్, లూసీ, టామ్సిన్, మాలీ అని పేర్లు తలచుకుంటాడు. వాళ్ళంతా బిగ్ ఫినిష్ అనే కంపెనీ తీసిన ఆడియో కథల్లోని సహచరులు. దీంతో ఆడియోలన్నీ లెక్కలోకి వచ్చాయని కొందరంటారు. అంతదూరం పోకండి. ఆ ఐదుగురు ఉన్నారన్నంతవరకే సాక్ష్యం. వాళ్ళ కథల్లోని ప్రతి తేదీకి కాదు.

ఇంకో అలవాటు మానుకోవాలి. దేనికీ పొత్తు కుదరనప్పుడు "టైమ్ వార్‌లో (టైమ్ లార్డ్స్‌కు, డాలెక్స్‌కు జరిగిన యుద్ధంలో) మారిపోయింది" అనేయడం. 1963-64 డాలెక్ కథలో వాళ్ళ పూర్వీకులు డాల్స్, 1975లో జెనెసిస్ ఆఫ్ ద డాలెక్స్‌లో కేలెడ్స్, పైగా డావ్‌రోస్ అనే సృష్టికర్త. రెండూ రాసింది టెర్రీ నేషనే. చరిత్ర మారిందనొచ్చు, ఆ కథలో టైమ్ లార్డ్స్ డాక్టర్‌ను పంపింది డాలెక్ చరిత్ర మార్చడానికే గనక. ఈ ఒక్కచోట ఆ జవాబుకు తెర మీద ఆధారం ఉంది. అట్లాంటిస్‌కు లేదు, బ్రిగేడియర్ రిటైర్మెంట్‌కు లేదు. ఆధారం లేని చోట ఆ గడి ఖాళీగా ఉంచండి, మీ ఊహ రాయాలనిపిస్తే వేరే రంగుతో రాసుకోండి.

కొత్తగా షీటు మొదలుపెట్టేవాళ్ళు మొత్తం సీరియల్ మీద పడొద్దు, రెండు వారాలకే చేతులెత్తేస్తారు. యూనిట్ తేదీలు ఒక్కటే తీసుకోండి. ద వెబ్ ఆఫ్ ఫియర్, ద ఇన్వేజన్, ద అంబాసడర్స్ ఆఫ్ డెత్, టెర్రర్ ఆఫ్ ద జైగాన్స్, పిరమిడ్స్ ఆఫ్ మార్స్, మావ్‌డ్రిన్ అన్‌డెడ్, ఈ వరసలోనే. టెర్రర్ ఆఫ్ ద జైగాన్స్‌లో బ్రిగేడియర్ ప్రధానమంత్రితో ఫోన్లో మాట్లాడుతూ అవతలి మనిషిని "మేడమ్" అంటాడు. ఆ ఎపిసోడ్ ప్రసారమైంది 1975లో, థాచర్ ప్రధాని అయింది 1979లో. ఆ ఫోను కాల్ ఏ గడిలో వేయాలో తేల్చుకున్నారంటే మిగతా షీటు నింపడం మీకు వచ్చినట్టే.